మాంసానికి పెంచే మేకపిల్లలకు పంట మిగుళ్ళు మేపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పంట ఇంటికి చేరాక కళ్ళంలో కట్టె (కాయ తీసేశాక మిగిలే ఎండు మొక్క), పొట్టు, చొప్ప మిగులుతాయి. గింజ మిల్లుకు వెళ్తే తవుడు, చున్ని (పప్పు ఆడించినప్పుడు వచ్చే పొట్టు, నూక) వస్తాయి. నూనె ఆడిస్తే చెక్క వస్తుంది. మనిషి తినలేని వీటన్నింటినీ మేక మాంసంగా మారుస్తుంది. కానీ పెద్ద మేకకు సరిపోయేదంతా పిల్లకు సరిపోదు. ఎదిగే పిల్ల విషయంలో కడుపు నిండటం వేరు, ఒళ్ళు పట్టడం వేరు. ఈ తేడా తెలియక మొదటి రెండేళ్ళు నేను చాలా నష్టపోయాను. అందుకే నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి ఏడాది లోపు వయసున్న, మాంసానికి పెంచే పిల్లల గురించి మాత్రమే.

ఎన్నో వారం నుంచి ఎండుమేత పెట్టవచ్చు?

పుట్టిన పిల్ల పొట్టలో నాలుగు గదులున్నా అప్పటికి పనిచేసేది నాలుగోదే. తాగిన పాలు నేరుగా అక్కడికే చేరతాయి. పీచును పులియబెట్టాల్సిన పెద్ద పొట్ట, అంటే రూమెన్, చిన్న సంచిలా ముడుచుకుని ఉంటుంది. ఆ పని చేసే సూక్ష్మజీవులు కూడా అందులో ఇంకా స్థిరపడి ఉండవు.

రెండో వారంలో పిల్ల తల్లిని చూసి ఆకు కొరకడం మొదలుపెడుతుంది. అప్పటి నుంచే లేత ఆకు, మెత్తని వేరుశనగ కట్టె, గుప్పెడు దాణా దానికి అందేలా ఉంచండి. చిటికెడే తిన్నా ఫర్వాలేదు. దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాల వల్లే రూమెన్ లోపలి గోడ ఎదుగుతుంది. పాలు ఒక్కటే తాగి పెరిగిన పిల్ల చూడ్డానికి నున్నగా, బొద్దుగా ఉంటుంది కానీ పాలు మాన్పించగానే చిక్కిపోతుంది.

తల్లి దూరలేని, పిల్ల మాత్రమే దూరగలిగే సందు పెట్టి, లోపల తొట్టి ఉంచితే పిల్లల దాణా పిల్లలకే దక్కుతుంది. ఎనిమిది వారాలకు రూమెన్ బాగానే పనిలో పడుతుంది. రెండున్నర, మూడు నెలలకు పాలు మాన్పించవచ్చు. చొప్ప, గడ్డి లాంటి గట్టి మేతను మాత్రం ఐదారు నెలలు దాటేదాకా పెట్టకండి.

పంట మిగుళ్ళలో పిల్లలకు ఏవి మంచివి?

నన్ను ఒకటే చెప్పమంటే వేరుశనగ కట్టె అంటాను. ఆకు నిలిచి ఉన్న కట్టెలో 10 శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది. పైగా కాల్షియం బాగా ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటాయి. అయితే ఈ మాటంతా ఆకు గురించే. కాడలో ప్రొటీన్ ఆకులో సగం కూడా ఉండదు. కాయ కోసిన తర్వాత కట్టెను పొలంలోనే వదిలేసి, వారం రోజులు ఎండకు మాడ్చి, మధ్యలో ఒక వాన తగలనిస్తే మిగిలేది నల్లని కాడలు. దాన్ని వేరుశనగ కట్టె అని కొనడం డబ్బు పారేసుకోవడమే. కొనేముందు ఒక గుప్పెడు తీసి అరచేతిలో నలపండి. పచ్చని పొడి రాలి, మంచి వాసన రావాలి. మట్టి రాలితే, ముక్కు మండితే వదిలేయండి.

తర్వాతి స్థానం పప్పు జాతి పంటలది. పెసర, మినుము కట్టె ఆకుతో సహా ఎండితే వేరుశనగకు దగ్గరగానే ఉంటాయి. కంది నూర్చినప్పుడు వచ్చే ఆకు, కాయ పొట్టు కలిసిన పొట్టును మేకలు బాగా తింటాయి. శనగ పొట్టులో ప్రొటీన్ తక్కువే, కానీ పిల్లలు వదలకుండా తింటాయి. సోయా కాడ గట్టిగా ఉంటుంది కాబట్టి ఆకు, కాయ పొట్టు ఉన్న భాగమే పిల్లలకు పెట్టాలి.

జొన్న చొప్ప, మొక్కజొన్న చొప్పలలో ప్రొటీన్ 3 నుంచి 5 శాతం మధ్యే. ఆరు నెలలు దాటిన పిల్లకు పీచు కోసం కొంత పెట్టవచ్చు. అంతకంటే ఎక్కువ ఆశించవద్దు.

మా దగ్గర వరిగడ్డి తప్ప ఏమీ లేదు. అదే పెట్టవచ్చా?

అదొక్కటే పెడితే పిల్ల ఎదగదు. వరిగడ్డిలో ప్రొటీన్ 3, 4 శాతం మించదు. రూమెన్‌లోని సూక్ష్మజీవులు సరిగా బతకాలన్నా మేతలో కనీసం 7 శాతం ప్రొటీన్ కావాలి. గడ్డిలో సిలికా ఎక్కువ. ఆక్సలేట్లు కూడా ఉండి, మేతలోని కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేస్తాయి. మిగతా పంటల్లో కాడ కంటే ఆకు మేలు. వరిలో మాత్రం సిలికా ఆకులోనే ఎక్కువ చేరుతుంది కాబట్టి కాడే కాస్త బాగా అరుగుతుంది.

వేరే దారి లేకపోతే మొత్తం మేతలో నాలుగో వంతు దాటకుండా, చిన్న ముక్కలుగా కోసి, పచ్చి ఆకు, దాణాలతో కలిపి పెట్టండి. అది కూడా ఐదారు నెలలు దాటిన పిల్లలకే.

పిల్లలు కడుపు నిండా తింటున్నాయి. అయినా బరువు ఎందుకు పెరగడం లేదు?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. పొట్ట గుండ్రంగా కుండలా ఉంటుంది, వెన్నెముక మాత్రం చేతికి తగులుతుంది. చూసిన వాళ్ళు "బాగా తింటోంది" అంటారు. నిజానికి ఆ పిల్ల ఆకలితోనే ఉంది.

పీచు ఎక్కువున్న మేత రూమెన్‌లోంచి త్వరగా కదలదు. పిల్ల దాన్ని నెమరువేసి నమిలి, సూక్ష్మజీవులు అరిగించి, చిన్నది చేసేదాకా అది అక్కడే కూర్చుంటుంది. ఆ సూక్ష్మజీవులకు ప్రొటీన్ అందకపోతే పని ఇంకా నెమ్మదిస్తుంది. పొట్ట ఖాళీ కాదు, అందువల్ల పిల్ల మళ్ళీ తినదు. పెద్ద మేకకు పొట్ట పెద్దది, అవసరం తక్కువ, ఎలాగో నెట్టుకొస్తుంది. పిల్లకు పొట్ట చిన్నది, అవసరం ఎక్కువ. అందుకే పిల్ల తినే ప్రతి పిడికెడు మేతలోనూ సత్తువ ఉండాలి.

ఇక్కడ పని చేసే మందు ప్రొటీనే. చొప్ప తినే పిల్లకు రోజుకు 50 గ్రాముల వేరుశనగ చెక్క, ఒక కట్ట పచ్చి ఆకు కలిపితే, అది తినే చొప్ప కూడా పెరుగుతుంది. వారంలోనే తేడా కనిపిస్తుంది. పెంటికలు గట్టి గోలీల్లా, పొడిపొడిగా కాకుండా మెత్తబడి మెరుస్తాయి. నేను రోజూ ఉదయం దొడ్డిలో మొదట చూసేది తొట్టిని కాదు, పెంటికలనే.

అయినా మార్పు లేకపోతే నట్టలు (కడుపులో పురుగులు), రక్త పారుడు ఉన్నాయేమో పేడ పరీక్ష చేయించండి. నట్టలున్న పిల్లకు ఎంత మంచి మేత పెట్టినా సగం వృథా.

రోజుకు ఎంత మేత కావాలి?

ఎదిగే పిల్ల తన బరువులో 3 నుంచి 5 శాతం దాకా పొడి మేత తింటుంది. పొడి మేత అంటే నీటి శాతం తీసేసి లెక్క కట్టిన మేత. ఎండు కట్టెలో పదో వంతు నీరుంటే, పచ్చి ఆకులో నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది.

15 కిలోల పిల్లను తీసుకుందాం. దానికి 550 నుంచి 600 గ్రాముల పొడి మేత కావాలి. అందులో 14 శాతం ప్రొటీన్ ఉంటే బాగా ఎదుగుతుంది. నేను పెట్టేది ఇలా ఉంటుంది: 300 గ్రాముల వేరుశనగ కట్టె, అర కిలో పచ్చి చెట్టు ఆకు, 180 గ్రాముల దాణా. కట్టె నుంచి సుమారు 27 గ్రాములు, ఆకు నుంచి 22, దాణా నుంచి 30 చొప్పున దాదాపు 80 గ్రాముల ప్రొటీన్ అందుతుంది. కట్టె బదులు అంతే బరువు జొన్న చొప్ప పెడితే ఆ 27 కాస్తా 11కు పడిపోతుంది. లోటు పూడ్చాలంటే మరో 40 గ్రాముల చెక్క కావాలి. కట్టె ఖరీదు ఎక్కువనిపించినప్పుడు ఈ లెక్క వేసి చూడండి.

దాణా ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

100 కిలోలకు నేను వాడే పాళ్ళు: మొక్కజొన్న నూక 34 కిలోలు, కంది చున్ని 22, వేరుశనగ చెక్క 20, గోధుమ తవుడు 20, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1. ఇందులో సుమారు 18 శాతం ప్రొటీన్ ఉంటుంది. మొక్కజొన్న లేకపోతే జొన్న నూక వేయవచ్చు. చున్ని లేకపోతే పెసర, మినప పొట్టు కలిపి, చెక్క 3, 4 కిలోలు పెంచండి. ఖనిజ మిశ్రమం, సున్నపురాయి పొడి మాత్రం మానవద్దు. ఎందుకో తవుడు గురించిన ప్రశ్నలో చెప్తాను.

మెత్తటి పిండిలా ఆడించకండి. నూకలా, బరకగా ఉండాలి. పిండి అయితే పిల్ల ముక్కుల్లోకి పోతుంది, తుమ్ముతూ తినడం మానేస్తుంది. పైగా రూమెన్‌లో ఒక్కసారిగా పులుస్తుంది.

ఏ వస్తువు చవక అన్నది బస్తా ధర చూసి తేల్చకండి. 50 కిలోల వేరుశనగ చెక్కలో 21 కిలోల ప్రొటీన్ ఉంటే, 50 కిలోల తవుడులో ఉండేది ఆరున్నర కిలోలే. అంటే ప్రొటీన్ కోసమే కొంటున్నట్టయితే చెక్క బస్తా తవుడు బస్తా కంటే మూడు రెట్లు ఖరీదున్నా నష్టం లేదు.

తవుడు చవగ్గా దొరుకుతుంది. అదే ఎక్కువ పెడితే ఏమవుతుంది?

దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు పోతు పిల్లల ఖర్చుతో వచ్చిన పాఠం.

తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. వరి తవుడులో భాస్వరం ఒకటిన్నర శాతం దాకా ఉంటే కాల్షియం అందులో పదో వంతు కూడా ఉండదు. గోధుమ తవుడూ అదే దారి. పిల్ల ఒంటికి కావాల్సింది దీనికి తలకిందులు: ఒక వంతు భాస్వరానికి రెండు వంతులు కాల్షియం. ఎక్కువైన భాస్వరం మూత్రంలోకి వెళ్ళి, అక్కడ ఇసుక రేణువుల్లా గడ్డకడుతుంది. ఆడ పిల్లలకు మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ ఇసుక బయటికి పోతుంది. పోతు పిల్లలకు నాళం సన్నగా, వంపు తిరిగి ఉంటుంది. కొసన ఉండే చిన్న తోకలాంటి భాగం ఇంకా సన్నం. ఇసుక అక్కడ ఇరుక్కుంటుంది. మరీ చిన్న వయసులో విత్తులు కొట్టించిన పిల్లల్లో నాళం పూర్తిగా ఎదగదు కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఒక ఏడాది, పాలు మాన్పించిన పోతు పిల్లలకు తవుడు, నూక మాత్రమే కలిపి పెట్టాను. ఒళ్ళు చక్కగా పట్టాయి. ఒక రోజు సాయంత్రం అన్నింటికంటే బరువైన పిల్ల మందకు దూరంగా నిలబడి ఉంది. తోక మాటిమాటికీ ఎత్తుతోంది, వెనక కాళ్ళు చాపి ముక్కుతోంది. మలబద్ధకం అనుకుని నూనె పట్టించాను. రాత్రంతా అరుస్తూనే ఉంది. తెల్లవారి చూస్తే పొట్ట కింది వెంట్రుకలకు తెల్లని ఇసుక రేణువులు అంటుకుని ఉన్నాయి, ఒకటి రెండు ఎర్రటి చుక్కలు తప్ప మూత్రం లేదు. డాక్టర్ వచ్చేసరికి మూత్రాశయం పగిలిపోయింది. ఆ రేణువులను నేను వేళ్ళ మధ్య నలిపి చూశాను. సన్న ఇసుకలాగే గరగరలాడాయి. అప్పటి నుంచి మూత్రానికి ముక్కే పోతు పిల్లను చూస్తే ఒక్క గంట కూడా ఆగను.

కాబట్టి తవుడు దాణాలో నాలుగో వంతు దాటనివ్వకండి. సున్నపురాయి పొడి, ఉప్పు తప్పకుండా కలపండి. ఉప్పు తింటే నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మూత్రం పలచబడుతుంది. వేరుశనగ, పప్పు జాతి కట్టెలు తినే పిల్లలకు వాటిలోని కాల్షియం కూడా తోడవుతుంది. దాణా ఎక్కువగా తినే పోతులకు పశువైద్యులు అమ్మోనియం క్లోరైడ్ కూడా సూచిస్తారు. మోతాదు వాళ్ళనే అడగండి.

మరో మాట. నూనె తీయని తవుడు కొన్ని రోజులకే కమురు వాసన వస్తుంది. వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోండి.

వేరుశనగ చెక్కకు కొంచెం బూజు పట్టింది. ఎండబెట్టి వాడవచ్చా?

వద్దు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఎండబెడితే బూజు ఎండిపోతుంది, విషం పోదు. ఉడకబెట్టినా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు అంతుచిక్కని రోగంతో చనిపోయాయి. కారణం వెతుకుతూ పోతే వాటికి పెట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. ప్రపంచానికి అఫ్లటాక్సిన్ గురించి తెలిసింది అలాగే.

మేకపిల్ల ఒక్కరోజులో చనిపోదు కాబట్టి మనకు తెలియదు. కాలేయం దెబ్బతిని, మేత తగ్గించి, వెంట్రుక మెరుపు పోయి, ఎదుగుదల ఆగిపోతుంది. బూజు పట్టిన ముక్క పక్కనున్న, బాగా కనిపించే ముక్కలో కూడా విషం ఉండవచ్చు. పెద్ద మేకలకు పెడదాం అనుకోవడం కూడా తప్పే, పాలిచ్చే మేక తింటే అది పాల ద్వారా పిల్లకు చేరుతుంది.

పత్తి చెక్క పెట్టవచ్చా?

పాలు తాగే వయసులో అస్సలు వద్దు. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. బాగా ఎదిగిన రూమెన్ దాన్ని చాలావరకు కట్టడి చేస్తుంది. పిల్ల రూమెన్‌కు ఆ శక్తి ఉండదు. అది గుండెను దెబ్బతీస్తుంది, బాగా తింటున్న పిల్ల ఉన్నట్టుండి పడిపోతుంది. ఆరు నెలలు దాటాక కొద్దిగా, మిగతా చెక్కలతో కలిపి పెట్టవచ్చు. వేరే చెక్క దొరుకుతుంటే నేనైతే పిల్లల దాణాలో దీన్ని వాడను.

గడ్డికి యూరియా కలిపి మాగబెడితే పిల్లలకు మంచిదేనా?

పెద్ద పశువులకు మంచి పద్ధతి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 65 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూసి 21 రోజులు ఉంచుతారు. గడ్డి మెత్తబడుతుంది, ప్రొటీన్ విలువ దాదాపు రెట్టింపవుతుంది. కానీ యూరియాను వాడుకోగలిగేది పూర్తిగా ఎదిగిన రూమెన్ మాత్రమే. ఆరు నెలల లోపు పిల్లకు అది విషంగా మారే ప్రమాదం ఉంది. దొడ్డిలో పెద్ద మేకలకు ఇలాంటి గడ్డి పెడుతుంటే పిల్లలు ఆ తొట్టి దగ్గరికి రాకుండా చూసుకోండి. యూరియా బస్తా, కలిపిన బకెట్ కూడా వాటికి అందకూడదు.

ముక్కలు కోసి పెట్టాలా, పొడి చేయాలా, అలాగే వేయాలా?

చొప్ప, గడ్డి అయితే రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చాలు. వేరుశనగ, పెసర కట్టెను కోయనక్కర్లేదు. మేక ఏరుకుని తినే జీవి, దాని పెదవులు, నాలుక అందుకే అంత చురుగ్గా ఉంటాయి. ఆకు ఏరుకుని కాడ వదిలేస్తుంది. ఆ ఏరుకునే అవకాశం ఇస్తే పిల్ల తిన్న భాగంలో సత్తువ ఎక్కువ. అందుకని వేసిన మేతలో ఐదో వంతు మిగిలినా తిట్టుకోకండి. ఆ కాడలు పెద్ద పశువులకు వేయండి. "వేసింది మొత్తం తినేదాకా మళ్ళీ వేయను" అని పట్టుబట్టేవాళ్ళను చూశాను. ఆ పట్టుదలకు మూల్యం పిల్ల బరువే.

నేల మీద వేసిన మేతను మేక తొక్కి, మూత్రం పోసి, ఆ తర్వాత ముట్టదు. నట్టలు అంటుకునే దారి కూడా అదే. పిల్ల మెడ ఎత్తుకు మేత అందేలా గూడు కట్టండి లేదా కట్టలు వేలాడదీయండి. మెత్తటి పొడి మాత్రం ఏ మేతనూ చేయకండి. నమలడానికి ఏమీ లేకపోతే నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, పొట్టలో పులుపు పెరుగుతుంది.

మొక్కజొన్న కండెలు, పొద్దుతిరుగుడు తలలు, చెరకు ఆకు పనికొస్తాయా?

పొద్దుతిరుగుడు తలలను చాలామంది కాల్చేస్తారు, నాకు బాధనిపిస్తుంది. గింజ రాల్చాక ఎండబెట్టి ముక్కలు చేస్తే మేకలు ఇష్టంగా తింటాయి. ప్రొటీన్ 8 శాతం దాకా ఉంటుంది, చొప్ప కంటే బాగా అరుగుతుంది. తల మందంగా ఉంటుంది కాబట్టి లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. విరిస్తే పెళుసుగా విరగాలి.

గింజ ఒలిచిన మొక్కజొన్న కండెలో పీచు తప్ప పెద్దగా ఏమీ లేదు. బరకగా ఆడించి ఆరు నెలలు దాటిన పిల్లల మేతలో కొంత కలపవచ్చు. చెరకు మొవ్వు ఆకు పచ్చిగా ఉన్నప్పుడు ముక్కలు కోసి పెట్టవచ్చు. చెరకు పిప్పి పిల్లలకు దండగ.

జొన్న పిలకలు, కర్రపెండలం ఆకు తింటే చనిపోతాయంటారు. నిజమేనా?

నిజం. రెండింటిలోనూ సయనైడ్ పుడుతుంది. కోసిన జొన్న మోడుకు వచ్చే పిలకలు, వానలు లేక వాడిన లేత జొన్న చాలా ప్రమాదం. దీన్నే నాము అంటారు. జంతువు తిన్న కొద్దిసేపటికే ఊపిరి ఆడక పడిపోతుంది, డాక్టర్ వచ్చేదాకా ఆగదు. కోత అయిన జొన్న చేలో పిలకలు వచ్చాక పిల్లలను వదలకండి. పూత దాటిన జొన్నను బాగా ఎండబెట్టి చొప్పగా పెడితే ఆ భయం ఉండదు.

కర్రపెండలం ఆకులో ప్రొటీన్ 20 శాతం పైనే. దుంప తొక్కలో పిండి పదార్థం ఉంటుంది. పచ్చిగా మాత్రం పెట్టకూడదు. చిన్న ముక్కలు చేసి, పలచగా పరచి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెడితే సయనైడ్ చాలావరకు ఆవిరైపోతుంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. బాగా ఎరువు వేసి, ఆ తర్వాత వాన లేక ఎండిపోయిన మొక్కజొన్న, జొన్నల కాండంలో నైట్రేట్ పేరుకుంటుంది. ఇది ఎండబెట్టినా పోదు. కాండం కింది భాగంలోనే ఎక్కువ ఉంటుంది. అలాంటి పంట చొప్పను పిల్లలకు పెట్టకపోవడమే మంచిది.

కూరగాయల వ్యర్థాలు వేయవచ్చా?

కొద్దికొద్దిగా, తాజాగా. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకు ఎక్కువైతే కడుపు ఉబ్బుతుంది. ఉల్లి ఎక్కువైతే రక్తంలోని ఎర్రకణాలు దెబ్బతింటాయి. పచ్చబారిన బంగాళదుంప, దాని మొలకలు విషం. కుళ్ళినది ఏదైనా సరే ఎరువు గుంటకే.

పురుగుమందు కొట్టిన పంట కట్టె ఎన్ని రోజులకు పెట్టవచ్చు?

మందు డబ్బా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. అది గింజ కోసం రాసిన లెక్క. ఆకుపై మందు గింజలో కంటే ఎక్కువ ఉంటుంది, మేక తినేది ఆకే. కట్టె కొనేటప్పుడు చివరిసారి ఏ మందు, ఎప్పుడు కొట్టారో రైతును నేరుగా అడగండి. గడువు ముగియని కట్టె, ఆరబెట్టడానికి కలుపుమందు కొట్టిన పంట, పత్తి చేను మోళ్ళు పిల్లలకు వద్దు. అమ్మకానికి పంపే పిల్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం, దాన్ని తినబోయేది మనుషులు.

మేత మార్చినప్పుడల్లా పిల్లలు పారుకుంటున్నాయి. ఏం చేయాలి?

మార్పు ఒక్కరోజులో చేస్తున్నారు, అందుకే. రూమెన్‌లో ఒక్కో మేతకు ఒక్కో రకం సూక్ష్మజీవులు పెరగాలి. కొత్త మేతను మొదటి రోజు నాలుగో వంతుతో మొదలుపెట్టి, 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మార్చండి.

ఒక్కసారిగా గింజ ఎక్కువగా తిన్న పిల్ల పరిస్థితి వేరు. కళ్ళంలో దూరి నూక, గోధుమలు మెక్కిన పిల్లకు కొన్ని గంటల్లో పొట్టలో పులుపు పెరిగి, నడక తూలి, నెమరు ఆగుతుంది. దాణా ఆపి, ఎండు కట్టె మాత్రమే ఉంచి, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయండి. తినే సోడా నీళ్ళలో కలిపి పట్టించమంటారు, బరువు చెప్పి మోతాదు అడగండి.

ఇంకొకటి చిటుక రోగం. దాణా పెరిగినప్పుడు, లేత పచ్చిక మీదికి వదిలినప్పుడు పేగుల్లోని క్లాస్ట్రిడియం బాక్టీరియా విపరీతంగా పెరిగి విషం వదులుతుంది. మందలో అన్నింటికంటే బాగా తినే, బలమైన పిల్లే ముందు పోతుంది. టీకా ఉంది. దాణా పెంచకముందే వేయించి, బూస్టర్ కూడా పూర్తి చేయండి.

కట్టెను ఎలా నిల్వ చేయాలి?

నేలకు జానెడు ఎత్తులో కర్రలు పరచి, పైన కప్పు ఉండేలా. తడి 12 శాతం దాటకూడదు. కాడ విరిస్తే టప్పున విరగాలి, వంగితే ఇంకా ఆరలేదు. కట్టలు కట్టిన ప్లాస్టిక్ తాళ్ళు విప్పేటప్పుడే లెక్కపెట్టి తీసేయండి. ముక్కలు కోసే మెషిన్‌లో పడిన తాడు పిల్ల రూమెన్‌లో ఉండలా చుట్టుకుని జీవితాంతం అక్కడే ఉంటుంది.

ఎండుమేత తింటే నీళ్ళు ఎంత కావాలి?

తిన్న పొడి మేతకు మూడు, నాలుగు రెట్లు. 15 కిలోల పిల్లకు రోజుకు సుమారు 2 లీటర్లు, ఎండలో ఇంకా ఎక్కువ. మురికి నీళ్ళు పిల్ల తాగదు, తాగకపోతే తినదు. రోజూ తొట్టి కడగండి.

మేత పని చేస్తోందని ఎలా తెలుసుకోవాలి? ఎప్పటిదాకా మేపాలి?

తూకం వేయండి. వేలాడే కాటాకు సంచి కట్టి, పిల్లను అందులో కూర్చోబెట్టి, 15 రోజులకోసారి, ఉదయం మేతకు ముందు. కంటితో చూస్తే పొట్ట మోసం చేస్తుంది. చిన్న జాతి పిల్లలు మేత చాలనప్పుడు రోజుకు 30, 40 గ్రాములకు మించి పెరగవు. మంచి కట్టె, దాణాలతో 80 నుంచి 100 గ్రాములు పెరగడం సాధ్యమే. పెద్ద జాతులు ఇంకా ఎక్కువ పెరుగుతాయి.

వయసు పెరిగే కొద్దీ అదే బరువు పెరగడానికి ఎక్కువ మేత పడుతుంది, తర్వాత పెరిగేదాంట్లో కొవ్వే ఎక్కువ. నేను నోటు పుస్తకంలో ప్రతి పిల్లకు ఒక గీత గీసి, తూకాలు పక్కపక్కన రాస్తాను. వరుసగా రెండు తూకాల్లో పెరుగుదల సగానికి పడిపోయి, పిల్లకు రోగమూ నట్టలూ లేవని తేలితే, దాన్ని ఆ నెలలోనే అమ్మేస్తాను. మిగిలిన కట్టె అప్పుడే పాలు మాన్పించిన పిల్లలకు పనికొస్తుంది.